దొర లేచేదాకా లైటు వేయొద్దు

రాష్ట్రం విడిపోయిన తర్వాత వచ్చిన రెండో దసరాకు నేను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊళ్లలోని మూడు సినిమా హాళ్లకు సెంటర్ ఇన్‌ఛార్జిగా ఉన్నాను. మూడింటినీ లీజుకు తీసుకుని నడిపే ఆసామి ఓబుల్ రెడ్డి. ఏ హాల్లో ఏ బొమ్మ వేయాలి, ఎన్నాళ్లు ఆడించాలి, ఎప్పుడు దింపాలి అన్నది పంపిణీదారుతో మాట్లాడి తేల్చడం నా పని. హోదా వినడానికి పెద్దదే. ఒక హాల్లో ఫ్యాను ఆగినా, ఇంకో హాల్లో తెర ముందుకి పిల్లి వచ్చినా తిట్లు తినేది మాత్రం నేనే. మా నాయన గొర్రెలు కాసినాడు. నేను జమ్మలమడుగు హాల్లో బుకింగ్ గుమాస్తాగా చేరి, గొర్రెల మందను వదిలి మనుషుల మందలో పడినాను. రెండిట్లో గొర్రెలే నయమని మా నాయన చచ్చేదాకా అంటానే ఉండె.

ప్రొద్దుటూరు దసరా చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. ఆ పండక్కి పెద్ద హీరో బొమ్మ కోసం హాలువాళ్లు జుట్లు పట్టుకుంటారు. ఆ ఏడు నేను మాత్రం మూడు హాళ్లకూ దొర బొమ్మే కావాలని పట్టుబట్టినాను. దొర అంటే నెత్తురు తాగే రక్తపిశాచి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కథతో ఒక బొమ్మ వచ్చి మా దిక్కు జనానికి జ్వరం పట్టించింది. దాన్నే ఇప్పుడు ఎవరో కొత్త దర్శకుడు, పేరున్న నటుడు ఒక్కడూ లేకుండా, మళ్లీ తీసినాడు.

ఓబుల్ రెడ్డి మూతి తిప్పినాడు. జమ్మలమడుగు హాలు అప్పటికే ఈడ్చుకుంటా నడుస్తాంది.

"నీ మాట మీద వేస్తాండా నాగన్నా. ఆదివారం దాకా చూస్తా. జనం రాకపోతే సోమవారం జమ్మలమడుగు హాలుకు తాళం. గోడౌను చేసుకుంటానని దాని ఓనరు ఎప్పట్నుంచో అడుగుతాండాడు" అన్నాడు.

నేను పని నేర్చుకున్న హాలు అది. అక్కడి ఆపరేటర్, గేటు మనుషులు, సైకిల్ స్టాండు వాళ్లు అందరూ నా కళ్ల ముందర పెద్దోళ్లయినవాళ్లు. వాళ్ల పొయ్యిలో పిల్లి లేవడమా, లేవకపోవడమా అన్నది ఆ బొమ్మ మీదికి వచ్చి కూర్చుంది. అయినా నాకు భయం లేదు. పాత దొర మా ఊళ్లలో ఆడిన తీరు నేను చూసినాను కదా!

ఆ రోజుల్లో సినిమా అంటే రేకు డబ్బాల్లో వచ్చే రీళ్లు. ఒక బొమ్మకు పదిహేను దాకా ఉండేవి. ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ కలిపి ఒకటే ప్రింటు ఇచ్చేవాళ్లు. ప్రొద్దుటూరులో ఆట ముందు మొదలుపెట్టి, అక్కడ ఆడిన రీళ్లను ఆడినట్టే మోటార్ సైకిళ్ల మీద జమ్మలమడుగుకు తోలేవాళ్లు. దీన్ని షిఫ్టింగ్ అనేవాళ్లం. దొర బొమ్మ వచ్చిన తొలిరోజు, ముందు బయల్దేరినవాని బండి దారిలో పంచరైంది. వెనక బయల్దేరినవాడు వాణ్ణి దాటుకుని ముందొచ్చేసినాడు. హాల్లో ఖాళీ తెర చూపిస్తే జనం కుర్చీలు పెరుకుతారు. మా ఆపరేటర్ చేతికందిన రీలు ఎక్కించేసినాడు.

అసలు కథ ఇది. దొర పెట్టెలోంచి లేచి హీరోయిన్ మేనమామ మెడ కొరుకుతాడు. తర్వాతి రీలులో హీరో దొర గుండెలో మేకు దిగ్గొట్టి చంపేస్తాడు. ఆఖరి రీలులో హీరో హీరోయిన్ కొండమీద గుడి దగ్గర నవ్వుకుంటారు, శుభం. జమ్మలమడుగులో ఆ పొద్దు ఏమైందంటే, దొర ముందు చచ్చిపోయినాడు. తర్వాత పెట్టె మూత కదిలింది. మూడు ఉంగరాల చెయ్యి బయటికొచ్చింది. ఎడమ కన్ను ముందు తెరుచుకుంది. చచ్చినోడు లేచి మేనమామను కొరికి చీకట్లోకి పోయినాడు. ఆ వెంటనే హీరో హీరోయిన్ పళ్లికిలించుకుంటా గుడి ముందర నిలబడినారు. దొర ఊర్లో తిరుగుతానే ఉండాడు, వీళ్లేమో నవ్వుతాండారు! హాలు హాలంతా చెమటలు పట్టి బయటికొచ్చింది. ఆ పొద్దు ఒంటరిగా ఇంటికి పోయిన మగోడు లేడంటే నమ్మండి.

మరుసటి రోజు రీళ్లు సరైన వరసలో వచ్చినాయి. అదే కొంప ముంచింది. ముందురోజు చూసినవాళ్లు చుట్టాలను వెంటేసుకుని వచ్చినారు. చచ్చిన దొర మళ్లీ లేవకుండానే శుభం పడేసరికి నా బుకింగ్ కిటికీ మీద పడినారు. "నిన్న లేసినాడు, ఈ పొద్దు యాల లేయల్యా? రీలు మింగినార్రా దొంగలు!" అని. ఇదీ అసలు వరస అని చెప్పబోయినా. ఎవరు వింటారు? తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మూడో రోజు నుంచి కావాలనే రీళ్లు తిరగేసి ఆడించినాం. ఈ సంగతి ప్రొద్దుటూరుకు పాకింది. "జమ్మలమడుగులో లేస్తాండాడంట, మాకు మాత్రం లేపరా, మేము దుడ్లియ్యలేదా?" అని అక్కడి జనం రచ్చ చేసినారు. ప్రొద్దుటూరు ఆపరేటర్ ఖాజా కూడా రీళ్లు తిరగేసినాడు. పులివెందులకు మాత్రం కొన్నాళ్ల తర్వాత వేరే ప్రింటు పోయింది. అక్కడి మేనేజర్ డబ్బా మీద నంబరు చూడందే రీలు ముట్టనిచ్చే మనిషి కాదు. అందుకని పులివెందులలో దొర చచ్చినాడు, చచ్చినట్టే పడున్నాడు.

ఇక కొత్త బొమ్మకు వస్తాను. శుక్రవారం మార్నింగ్ షోకు ప్రొద్దుటూరు హాల్లో అడుగు పెట్టడానికి సందు లేదు. నలభై దాటినవాళ్లే ఎక్కువ. పూలమ్మే ఎర్రమ్మవ్వ బుట్ట గేటు దగ్గర పెట్టి ముందు వరసలో కూర్చుంది. పాత దొరను ఆమె ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలీదు. నేను వెనక తలుపు దగ్గర నిలబడి చూసినాను.

ఎంత బాగా తీసినాడనుకున్నారు! పాతదాంట్లో దొర కొండ మీద బంగళాలో ఉంటాడు, అడుగడుక్కీ ఉరుము, నక్క కూత, ఎర్ర లైటు. కోరలు రెండూ ఒక సైజు ఉండవు. గబ్బిలానికి కట్టిన దారం ముందు వరసోళ్లకు కనిపించేది. కొత్తదాంట్లో ఆ బంగళా జలాశయంలో మునిగిపోతుంది. నిద్ర చెడిన దొర లేచి, మునిగిన ఊళ్ల వాళ్ల కోసం కట్టిన కాలనీలో ఒక రేకుల ఇంట్లో దిగుతాడు. నాలుగు ఊళ్ల జనం కలిసిన కాలనీ, పక్కింట్లో ఉండేది ఎవడో ఎవనికీ తెలీదు. ఇంతకన్నా మంచి చోటు రక్తపిశాచికి యాడ దొరుకుతుంది? పాత దొర వయసు పిల్లల వెంట పడేవాడు. కొత్తోడు ఎవరూ అడగని ముసలోళ్ల తలుపు తడతాడు. "నీళ్లొచ్చినాయా అవ్వా?" అని మర్యాదగా అడుగుతాడు. ఆ మాటకు హాలంతా ఊపిరి బిగబట్టింది. కోర కనపడదు, చుక్క నెత్తురు కనపడదు, ఉరుము లేదు. పాతది చప్పుడుతో భయపెట్టింది, ఇది చప్పుడు లేకుండా భయపెట్టింది.

పాత హీరోయిన్ పని కెవ్వుమనడం ఒక్కటే. కొత్త బొమ్మలో ఆ పిల్ల సర్కారు ఆసుపత్రి నర్సు. విభూతి, తులసిమాల ఏవీ పనిచేయవని తెలుసుకుని, తెల్లారే సమయానికి ఇంటిపై రేకు లాగేస్తుంది. ఎండ పడి దొర బూడిదైపోతాడు. నేను ఎగిరి గంతేయబోయినాను. ఈ బొమ్మ దసరా కాదు, దీపావళి దాకా ఆడుతుందనుకున్నాను.

తెర మీద పేర్లు పైకి పోవడం మొదలైంది. ఖాజా లైట్లు వేసినాడు, ప్రొజెక్టర్ ఆపేసినాడు, గేట్లు తెరిచినారు. ఒక్కరు కూడా లేయలేదు.

జనం తెల్ల తెర వైపు చూస్తా కూర్చున్నారు. గేటు మనుషులు "పాండి పాండి, ఊడ్చాల" అని తొందర పెట్టినారు. ఎర్రమ్మవ్వ కదల్లేదు. "దొర ఇంగా లేయలేదు కదప్పా" అన్నది. అయిపోయిందవ్వా అని నేను చెప్పినాను. ఆమె నన్ను ఎట్లా చూసిందంటే, నేనే ఆమె బుట్టలో పూలు దొంగిలించినట్టు. "ఇదేం దొర బొమ్మ? లేయనోడు దొరెట్లయితాడు? ఉత్త మోసం" అని కొంగు దులుపుకుని లేచింది. ఆమె వెనక హాలంతా అదే గొణుగుడు. మ్యాట్నీకి సగం హాలు, ఫస్ట్ షోకు అందులో సగం. పండగ రద్దీలో ఒక మాట ఊరంతా తిరగడానికి ఎంత సేపు? జమ్మలమడుగులోనూ అదే కథ.

అప్పుడు పులివెందుల నుంచి ఫోను వచ్చింది. అక్కడి మేనేజర్ కుర్రోడు గొంతు చించుకుని అరుస్తాండాడు. "శానా బాగుండాదన్నా! జనం దడుచుకుని పరిగెత్తుతాండారు. వేంపల్లె నుంచి ఆటోలేసుకుని వస్తాండారు. సైకిల్ స్టాండులో చోటు చాల్లేదు!"

ఒకటే బొమ్మ. ఇప్పుడు రీళ్లు లేవు, డబ్బాలు లేవు, తిరగేసేదానికి లేదు. మూడు హాళ్లకూ ఒకటే ఫైలు వస్తుంది, దాన్ని తెరిచే తాళం కంపెనీ చేతిలో ఉంటుంది. అట్లాంటప్పుడు అక్కడ పండగ, ఇక్కడ పాడె ఎట్లా అవుతుంది? ఖాజాను అడిగినా. ఆయన గడ్డం నిమురుకుని, పులివెందులోళ్లకు టేస్టు లేదు మామా అని తేల్చేసినాడు. అది వినడానికి హాయిగానే ఉంది కానీ ఓబుల్ రెడ్డికి చెప్పే జవాబు కాదు.

శనివారం పొద్దున ముద్దనూరు మీదుగా పులివెందులకు బస్సెక్కినాను. మార్నింగ్ షోలో కూర్చున్నాను. అదే బొమ్మ, అవే సీన్లు. దొర బూడిదైనాడు, పేర్లు మొదలైనాయి. సగం జనం లేచి తలుపుల దిక్కు నడుస్తాండారు. ఇక్కడి ఆపరేటర్ కొత్త తరం పిల్లోడు. బొమ్మ మొదలుపెట్టి టీకి పోతాడు, ఫైలు అయిపోయినాక మెషినే లైట్లు వేసుకునేట్టు పెట్టుకున్నాడు. అందుకని పేర్లు అట్లా పోతానే ఉన్నాయి. తర్వాత తెర నల్లబడింది.

నీళ్ల చప్పుడు వినిపించింది. ఎండాకాలం, జలాశయం అడుగంటింది. పగిలిన బురదలో ఒక పెట్టె. మూత కదిలింది. మూడు ఉంగరాల చెయ్యి బయటికొచ్చింది. ఎడమ కన్ను ముందు తెరుచుకుంది!

తలుపు దాకా పోయినవాళ్లు కేకలేసి ఒకరి మీద ఒకరు పడినారు. నేను కుర్చీ ఎక్కి నిలబడి, "లేసినాడు! లేసినాడు!" అని అరిచినాను. వయసు మళ్లిన మనిషికి పిచ్చి పట్టిందని పక్కోళ్లు జరిగి కూర్చున్నారు. నాకు నిజంగానే పిచ్చి సంతోషం పట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగినాయి, చెప్పడానికి సిగ్గేముంది? మా ఊళ్ల జనం ఏది కావాలని కుర్చీలకు అతుక్కుని కూర్చున్నారో అది బొమ్మలోనే ఉండాది. మేమే లైటు వేసి దాన్ని చంపేస్తాండాం.

ఇది మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు హాళ్లు మాత్రమే చేయగలిగిన పొరపాటు. రీళ్ల కాలంలో ఆటకూ ఆటకూ మధ్య హాలు ఊడ్చడానికి టైము చాలేది కాదు. శుభం కార్డు పడీ పడకముందే లైటు వేసి గేటు తెరవాలని ఖాజాకు ఆయన గురువు నేర్పినాడు. జమ్మలమడుగు ఆపరేటర్‌కు ఖాజా నేర్పినాడు. కొత్త బొమ్మల్లో పేర్లు బారెడు పొడవుంటాయి, వాటి వెనక ఒక్కోసారి సీను దాచి పెడతారు. మా వాళ్లు పేర్లెవరు చూస్తారని వాటిని ఆడించడం ఎప్పుడో మానేసినారు. కుదురుగా పనిచేయడమే మా కొంపకు నిప్పు పెట్టింది.

బయటికొచ్చి ఖాజాకు ఫోన్ చేసినా. పేర్లు ఆపొద్దు, లైటు వేయొద్దు అన్నా. ఖాజాకు కోపమొచ్చింది. "నలభై ఏండ్లుగా క్యాబిన్‌లో ఉండా. శుభం తర్వాత బొమ్మ ఉంటాదని నువ్వు నాకు చెప్తాండావా మామా?" అన్నాడు. నాకూ కోపమొచ్చింది. "ఖాజా, దొర లేచేదాకా నీ చెయ్యి స్విచ్చి మీదికి పోతే, నీకూ నాకూ ఈ జన్మకు మాటల్లేవు" అని ఫోన్ పెట్టేసినా. జమ్మలమడుగుకూ అదే మాట చెప్పినా.

బస్సు దిగేసరికి ప్రొద్దుటూరులో ఫస్ట్ షో నడుస్తాంది. వందమంది కూడా లేరు. మైకు పట్టుకుని ఊరంతా చెప్పించి ఉండొచ్చు. కానీ ముందే చెబితే దొర లేచి ఏం లాభం? ఎర్రమ్మవ్వను మాత్రం గేటు దగ్గర పట్టుకుని, నా మాట మీద ఇంకొక్కసారి చూడమని బతిమాలి లోపల కూర్చోబెట్టినాను. తలుపులు మూయడానికి రూలు ఒప్పుకోదు కాబట్టి తెరిచే ఉంచి, వెలుగు పడకుండా పరదాలు వేయించినా.

దొర బూడిదైనాడు. పేర్లు మొదలైనాయి. ఇద్దరు ముగ్గురు లేచినారు, మిగతావాళ్లు ఎప్పటిలాగే మొండిగా కూర్చున్నారు. నేను వెనక్కి తిరిగి క్యాబిన్ కిటికీ వైపు చూస్తా ఉన్నాను. ఖాజా తల కనిపిస్తాంది, చెయ్యి కనిపించలేదు. పేర్లు పోతాండాయి, పోతాండాయి. ఈ బొమ్మకు ఇంతమంది పనిచేసినారా నాయనా అనిపించింది. తెర నల్లబడింది. నీళ్ల చప్పుడు. పెట్టె.

ఎడమ కన్ను తెరుచుకున్న మరుక్షణం హాలు పేలిపోయింది. ఈలలు, కేకలు, కుర్చీల మీద దరువులు. ఎవడో చొక్కా విప్పి ఎగరేసినాడు. వంద మంది చేసిన రచ్చ వెయ్యి మంది చేసినట్టు వీధిలోకి వినబడి, దసరా చూడ్డానికి వచ్చినవాళ్లు గేటు దగ్గర గుమిగూడినారు. ఎర్రమ్మవ్వ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని భయంతో వణుకుతా నవ్వుతాంది. "ఇదప్పా దొరంటే! ఈడు నిజ్జంగా పాతదాన్ని చూసి తీసినాడు" అన్నది. ఖాజా క్యాబిన్ మెట్లు దిగి వచ్చి నా ముందు నిలబడి, ఒక టీ తెప్పించినాడు. అదే ఆయన క్షమాపణ. నేను తాగినాను.

సెకండ్ షోకు హాలు నిండింది. ఆదివారం జమ్మలమడుగులో నాలుగు ఆటలకూ జనం నిలబడి చూసినారు. సోమవారం పొద్దున ఓబుల్ రెడ్డి ఫోన్ చేసి, తాళం సంగతి ఎత్తకుండా, హాల్లో ఫ్యాన్లు సరిగ్గా తిరుగుతాండాయా అని అడిగినాడు. ఆయన నోటి నుంచి అంతకు మించి రాదు.

ఆ తర్వాత మొదలైంది అసలు గొడవ. పులివెందుల పెద్దవాళ్లు బొమ్మ బాగుంది కానీ చివర తోక తగిలించినాడు, పాతదాంట్లో దొర లేయడు అన్నారు. ప్రొద్దుటూరువాళ్లు లేస్తాడని బంగారం దుకాణాల ముందర పందేలు కాసినారు. ఒక పెండ్లిలో వియ్యంకులిద్దరూ దీని మీద మాటామాటా అనుకుని విస్తళ్ల ముందు నుంచి లేచిపోయినారని కూడా విన్నాను. రెండు పక్షాలూ నిజమే చెబుతాండాయని తెలిసినవాణ్ణి నేను. పేపర్లో రాసినవాళ్లూ పులివెందుల పక్షమే. అసలులో లేని సీను ఎందుకు పెట్టినాడో దర్శకుడే చెప్పాలన్నారు.

దర్శకుడు తర్వాతి వారం జమ్మలమడుగుకు వచ్చినాడు. రమణ అని, సన్నటి మనిషి, పెద్దగా మాట్లాడడు. జనం దండలు వేసి పోయినాక ఖాళీ హాల్లో పక్కన కూర్చోబెట్టుకుని, ఆ సీను నీకు యాడిది అప్పా అని అడిగినాను.

వాళ్లది కొండాపురం దిక్కున ఒక ఊరు. గండికోట జలాశయం నీళ్లలో మునిగిపోయింది. చిన్నప్పుడు అవ్వ చంకనెత్తుకుని ఈ హాలుకే తీసుకొచ్చి దొర బొమ్మ చూపించిందంట. చచ్చిన దొర పెట్టెలోంచి లేచింది చూసి జ్వరం తెచ్చుకున్నాడంట. పెద్దయి సినిమా చదువుకు పోయినాక పాత బొమ్మ కాపీ దొరికితే ఆశగా చూసినాడు. దొర చచ్చిన తర్వాత లేయలేదు. నాలుగైదు చోట్ల వేరే వేరే కాపీలు తెప్పించి చూసినాడు. ఎందులోనూ లేయలేదు. అవ్వ పోయింది, ఊరు పోయింది, అడగడానికి ఎవరూ లేరు. జ్వరంలో కలగన్నాననుకుని ఊరుకున్నాడు. "కానీ ఆ కన్ను నన్ను వదల్లేదు సార్. కల కాబట్టి సినిమా లోపల పెట్టేదానికి మనసొప్పలే. పేర్లన్నీ అయిపోయినాక బయట పెట్టినా" అన్నాడు.

నేను పంచరైన బండి సంగతి చెప్పినాను. తిరగబడ్డ రీళ్లు, కిటికీ మీద పడిన జనం, ఖాజా, మొత్తం చెప్పినాను. అతను నా మణికట్టు పట్టుకున్నాడు. "అయితే నేను కలగన్లేదా?" అన్నాడు. లేదు నాయనా, నువ్వు చూసినావు, మీ అవ్వకు టిక్కెట్టు చింపింది నేనే అయ్యుంటాను అన్నాను. అతను చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చినాడు, ఆ వెంటనే పడీ పడీ నవ్వినాడు. నేనూ నవ్వినాను. సోమవారం ఆ హాలుకు తాళం పడుంటే, ఈ మాట అతనికి చెప్పే చోటు కూడా ఉండేది కాదు.

నేను పదవీ విరమణ చేసేదాకా నా మూడు హాళ్లలో ఆఖరి పేరు పోయేవరకు లైటు వేయనివ్వలేదు. ఉద్యోగం నాకు నేర్పిన రెండో సంగతి ఇంకా చిన్నది. పాత దొర మేలా, కొత్త దొర మేలా, కొత్తోడు అసలును ఎంతవరకు నిలబెట్టినాడు అని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతా ఉంటారు. జవాబు చెప్పే ముందు నేను వాళ్లను ఒకటే అడుగుతాను: పాతది నువ్వు యాడ చూసినావప్పా?